ఉప్పు సాలిందా

నెలకు రెండొందల చొప్పున చిట్టీ ఏసి
నలుగురం వంటోళ్ళం తుఫాన్ బండి మాట్లాడినం.
ఇరవై రెండేండ్ల సంది కొత్తవాడ బడిల
నేను, ఉప్పలమ్మ, భాగ్య, రహీమా –
ఒక్కటే పొయ్యి పొగ.
దసరా సెలవులకు పిల్లల పళ్ళాలు బోర్లించినంక
"గుట్టలు సూసొద్దాం" అన్నది భాగ్య.
"ఎవలన్న వండిపెడితే తిని సూద్దాం" అన్నది రహీమా.
గదీ అసలు సంగతి.

కరీంనగర్ దాటినంక మొదటి హోటలు.
ఇడ్లీ ఇరిచి వాసన సూసి
"పిండి నిన్న పొద్దుటిది" అన్నది ఉప్పలమ్మ.
చట్నీల పల్లీల కంటే పుట్నాలు ఎక్కువని
భాగ్య లెక్క తేల్చింది.
సప్లయర్ పిలగాడు బెదిరి ఓనర్ దిక్కు సూసిండు,
తనిఖీకొచ్చిన మేడంలనుకున్నడో ఏమో.
బండెక్కినంక
డ్రైవర్ సాదిక్‌కు జెప్పుకుంట
కడుపు పట్టుకొని నవ్వినం.

రాయపట్నం బ్రిడ్జి కింద గోదారి.
లక్సెట్టిపేటల పేపర్ల సుట్టిన మిర్చీలు.
జన్నారం అడివిల పురుగు తిన్న టేకాకులు
ఎండకు పట్టిన జల్లెడ లెక్క.

ఉట్నూరుల రాత్రి మెస్సు.
నాటుకోడి అని జెప్పి బాయిలర్ పెట్టిండు.
బొక్క కొరికితే తెల్వదా మాకు?
అడుగుదామని భాగ్య నోరు తెరిచేలోపల
లోపల్నుంచి గిన్నె పడ్డ సప్పుడు.
నలుగురం ఒక్కసారే లేసి నిలవడ్డం.
మంది వంటింట్ల, మంది గిన్నె.
మళ్ళ కూసున్నం,
కోడి సంగతి మర్సిపోయినం.

తెల్లారి కెరమెరి ఘాటు.
మలుపు మలుపుకు భాగ్య నిమ్మకాయ వాసన సూసుకుంట,
ఉప్పలమ్మ దేవుండ్లను పిలుసుకుంట.
లోయల నుంచి తెల్లగ లేస్తున్నది:
ఇరవై కిలోల బియ్యం కుతకుతమన్నప్పుడు
మూత తీస్తే మొఖానికి కొట్టేది
అచ్చం గట్లనే ఉంటది.
మంచు అన్నడు సాదిక్.

ఘాటు మూలకు రేకుల షెడ్డు. బోర్డు లేదు.
సిడాం దుర్పతబాయి ఒక్కతే,
మూడు రాళ్ళ పొయ్యి.
"ఏమున్నదక్కా?"
"జొన్నరొట్టె, మినపపప్పు, మిరప తొక్కు."
ఇంకేం లేదన్నట్టు చేతులు దులుపుకున్నది.

ఆమె రొట్టె కొడుతుంటే
కండ్లు మూసుకొని ఇన్న.
నీళ్ళెంత పోసిందో ఆ సప్పుడుల తెలుస్తది.
జొన్న పాతదని తెలుస్తది.
కుడి రెక్క నొస్తున్నదని గూడ.

పొట్టు తియ్యని మినపపప్పు, నల్లగ, చిక్కగ,
ఎల్లిపాయ పచ్చిది నలిపి ఏసింది.
వంక పెట్టనీకె ఏం దొరకలే.
ఉప్పలమ్మ మాట్లాడకుంట తినుడు
నా జన్మల సూడలే.

పొయ్యి కాడికెళ్ళే అడిగింది దుర్పతబాయి:
"ఉప్పు సాలిందా?"

రోజూ రెండొందల నలభై మంది పిల్లల్ని
నేను అడిగే మాట.
ఎదురొచ్చి నన్నడిగితే
ఏం జెప్పాల్నో తోచక
తల ఊపిన.

వేడి రొట్టె ఇంకోటి పట్టుకొని
నా కాడికొచ్చి వంగింది.
నా చెయ్యి దానంతటదే
పళ్ళెం మీద అడ్డం పడ్డది.
"నాకు సాలు బిడ్డా, నువ్వేసుకో" అని
అందరు తిన్నంక గంజు అడుగు గీక్కొని తినే చెయ్యి.
రొట్టె ఆవిరి వేళ్ళకు తగిలింది.
దుర్పతబాయి ఏమనలే, కదలలే.
బయట సాదిక్ హారన్ కొట్టిండు, రెండుసార్లు.
చెయ్యి తీసిన.

లేసేటప్పుడు అలవాటుగ
గిన్నెలు ముందరేసుకున్నం కడుగుదామని.
ఆమె గోండిల ఏందో తిట్టింది.
మాట తెల్వదు గని
బాగనే అర్థమైంది.

ఇప్పపువ్వు లడ్డూలు పది కొన్నం, పిల్లల కోసమని.
రెండొందల నలభై మందికి పది లడ్డూలు
ఎట్ల తెంపినా లెక్క కుదరలే.
జన్నారం రాకముందే
ఆరు మేమే తిన్నం.